డాబామీది సూర్యుడు, మంటలార్పువారి ప్రాణము

(ప్రసంగ పాఠము)



సాక్చి యను పేరు వినినంతనే నేటివారికి గుండ్రని కూడలి, దాని చుట్టును క్రిక్కిరిసిన అంగళ్లు, పండుగ దినములలో కాలు మోపుటకు చోటులేని సందులు కన్నులకు గట్టును. 1907వ సంవత్సరమునకు పూర్వమది సువర్ణరేఖా ఖర్కాయీ నదుల కూడలికి చేరువనున్న ఒక పల్లె మాత్రమే. ఇనుప రాతికిని, నీటికిని, రైలు దారికిని దగ్గరగా నుండు తావు వెదకుచు తిరిగిన వెల్డు, శ్రీనివాసరావు అను అన్వేషకులు ఆ పల్లెను కనుగొనిరి. 1912 ఫిబ్రవరిలో అచ్చట తొలి ఉక్కు దిమ్మ వెలువడెను. 1919లో వైస్రాయి చెమ్సుఫర్డు ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌పూరని పేరు పెట్టిన పిదప, సాక్చి యను పాతపేరు పట్టణములోని ఒక పేటకు మిగిలెను. బెంగాల్ నాగపూర్ రైలెక్కి శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి వచ్చిన తెలుగువారు ఆ కొలుముల చెంతనే కాపురములు పెట్టిరి. 1950 నవంబరు 26న నెహ్రూ పండితుడు జాతీయ లోహశోధనశాలను ప్రారంభించిన తరువాత కేంద్ర ప్రభుత్వోద్యోగులైన తెలుగువారును పలువురు ఇచ్చటికి చేరిరి.

నిప్పుతో పుట్టి, నిప్పుతో బ్రదుకు ఊరిది. కావున ఈ ఊరివారికి అగ్నినిగూర్చి చెప్పుట కుమ్మరివీథిలో కుండలమ్ముట వంటిదే. అయినను నిప్పును ఎరిగిన ఊరు సైతము ఒక్కొక్కప్పుడు ఏమరుపాటున చిక్కును. 1989 మార్చి 3న, జంషెడ్జీ టాటా నూటయేబదవ జన్మదినోత్సవ సమయమున, కర్మాగారములోని పందిరికి నిప్పంటుకొని 60 మంది అసువులు బాసిరి. 113 మంది గాయపడిరి. వారిలో స్త్రీలును, పసిపిల్లలును అనేకులు. ఆ దినమును కన్నులార చూచినవారు నేటికిని ఈ పట్టణమున గలరు. కరిగిన ఉక్కును కుండతో ఎత్తిపోయు నేర్పుగల ఊరిలో, ఒక పందిరి గుడ్డ అంత పని చేసెను. ఎరిగిన నిప్పుకంటె ఎరుగని నిప్పు అపాయకరమని దీనివలన తెలియుచున్నది.

అట్టి ఎరుగని నిప్పొకటి ఇప్పుడు ఇంటి డాబాలపైకి చేరుచున్నది. దాని పేరు సౌరవిద్యుత్తు. అది చెడ్డది కాదు. దానిని వలదనుట ఈ ప్రసంగము ఉద్దేశము కానే కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ఆరంభించి, కోటి గృహములపై సౌరఫలకములు పెట్టించుటకు 75,021 కోట్ల రూపాయలు కేటాయించెను. మూడు కిలోవాట్లు, అంతకు మించిన యంత్రమునకు 78,000 రూపాయల సాయము లభించును. అంతకు ముందే, 2022లో, టాటా పవర్, టాటా స్టీల్ సంస్థలు జంషెడ్‌పూరు, కళింగనగరములలో కలిపి 41 మెగావాట్ల సౌరవిద్యుత్తు కొరకు ఒడంబడిక చేసికొనినవి. పదవీ విరమణము చేసి చిన్న ఇల్లు కట్టుకొను ఉద్యోగికి నెలనెల కరెంటు బిల్లు తగ్గుట సామాన్యమైన లాభము కాదు. కాని అదే ఇంటికి నిప్పంటుకొనిన నాడు, ఆర్పుటకు వచ్చువాని పరిస్థితి యేమి? బిల్లునుగూర్చి లెక్కవేయునపుడు ఈ ప్రశ్న ఎవ్వరికిని తోచదు.

శ్రీకాకుళపు పల్లెలలో పూరిండ్లు మెండుగానున్న దినములలో, వైశాఖ మాసపు వడగాలికి ఒక కొంప అంటుకొనినచో ఊరి పడుచువాండ్రు మొదట చేయు పని కాలుచున్న ఇంటిపై నీరు పోయుట కాదు. ప్రక్క ఇంటి కప్పెక్కి గడ్డిని పీకివేయుట. కప్పెక్కువాడే ఊరిని కాపాడువాడు. పట్టణములో అగ్నిమాపక దళమువాని కథయు అదియే. వాడు నిచ్చెనతో పైకెక్కును. పైయంతస్తులో చిక్కినవారిని డాబామీదికి చేర్చి దించును. పొగను బయటికి పోనిచ్చును. ఆ పనికి ముందుగా వాడు నేర్చిన మొదటి పాఠమొకటి గలదు: మెయిన్ స్విచ్చి కట్టివేయుము. కరెంటు పోయిన పిదప ఇల్లు వట్టి ఇటుకలు, కట్టెలు, గుడ్డలు. నీరు నిర్భయముగా చల్లవచ్చును. ఈ పాఠము నూరేండ్లుగా ఎన్ని ప్రాణములను నిలిపినదో లెక్కింప శక్యము కాదు.

సౌరఫలకము ఆ పాఠమును తలక్రిందులు చేసినది. మెయిన్ స్విచ్చి కట్టినను, వీథిలోని స్తంభమునుండి వచ్చు తీగను కోసివేసినను, డాబామీద వెలుతురు పడుచున్నంతసేపు ఫలకము విద్యుత్తును పుట్టించుచునే యుండును. దానికి స్విచ్చి లేదు. సూర్యుడే దాని స్విచ్చి. ఫలకములనుండి క్రిందనున్న ఇన్వర్టరు వరకు వచ్చు తీగలు పగలంతయు సజీవములు. చూచుటకు నల్లని అద్దము, చల్లని అల్యూమినియము చట్రము, కదలిక లేదు, చప్పుడు లేదు. నివురు గప్పిన నిప్పు అను మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇక్కడనే మఱియొక పొరపాటు సామాన్యముగా జరుగుచున్నది. వీథిలో కరెంటు పోయినపుడు, బ్యాటరీ లేని సౌర యంత్రము కలవారి ఇంటిలోను దీపములారును. లైను బాగుచేయు పనివానికి దెబ్బ తగులకుండుటకై ఇన్వర్టరు తనంతట తానే ఆగునట్లు చేయబడినది. దీనిని చూచి ఇంటివారు, 'కరెంటు పోయిన సోలారు కూడ చచ్చిపోవును' అని తలంతురు. మంటలార్పువారితోను అట్లే చెప్పుదురు. చచ్చినది ఇన్వర్టరునుండి ఇంటిలోనికి పోవు భాగము మాత్రమే. డాబామీది భాగమునకు ప్రాణము పోలేదు.

ఆ ప్రాణము ఎంతటిది? నేడు వాడుకలోనున్న ఒక పెద్ద ఫలకము సుమారు నలువది, యేబది వోల్టులనిచ్చును. ఒక్కదానిని ముట్టుకొనిన మనిషి సామాన్యముగా చావడు. కాని వాటిని పూలదండవలె ఒకదాని వెంట నొకటి గ్రుచ్చుదురు. ఎనిమిది ఫలకముల దండ మూడునాలుగు వందల వోల్టులకు చేరును. అంగళ్ల సముదాయములు, పాఠశాలలు, కర్మాగారములపై వేయి వోల్టుల వరకు పోవును. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు శరీరమున ప్రవహించిన చేతి కండరములు బిగిసి, పట్టుకొనినది వదలలేని స్థితి కలుగును. నిచ్చెనమీద నిలిచినవానికి ఆ మాత్రము చాలును. విద్యుత్తు చంపకపోయినను పాటు చంపును.

అది ఏకముఖ విద్యుత్తగుట మఱియొక చిక్కు. ఇంటిలోనికి వచ్చు ఏకాంతర విద్యుత్తు సెకనుకు నూరుమారులు శూన్యమునకు దిగి మరల లేచును. తీగ తెగి నిప్పురవ్వ లేచినను, ఆ శూన్య క్షణమున రవ్వ ఆరుటకు అవకాశము గలదు. ఏకముఖ విద్యుత్తుకు అట్టి విరామము లేదు. తెగిన తీగ కొనల నడుమ మండుచున్న విద్యుజ్జ్వాల, కొనలు కరిగి దూరమగువరకు మండుచునే యుండును. సాక్చిలో వెల్డింగు పని ఎరుగనివారరుదు. ఆ నీలి వెలుగును తలచుకొనిన చాలును. కావుననే డాబామీది తీగను గొడ్డలితో నరుకుట, కత్తెరతో కత్తిరించుట మంటలార్పువానికి నిషిద్ధము. ఇనుప గొట్టములోనుండి పోవు తీగను నరికిన గొట్టమునకే విద్యుత్తు పాకవచ్చును.

ఈ విషయములను ఊహతో విడువక ప్రయోగములు చేసి చూచినవారు గలరు. అమెరికాలోని అండర్‌రైటర్స్ లేబొరేటరీసు వారు మంటలార్పువారి రక్షణకొరకే సౌరఫలకములను తగులబెట్టి, నరికి, తడిపి, 2011లో ఒక నివేదిక ప్రకటించిరి. వేయి వోల్టులు గల భాగముపై నీటిని ఒకే ధారగా కొట్టినచో 20 అడుగుల దూరముండవలెనని అందు తేలెను. పది డిగ్రీల కోణముతోనైనను విచ్చుకొను తుంపరయైనచో 5 అడుగుల వద్దనే అపాయకరమైన ప్రవాహము కనబడలేదు. నీటిలో ఉప్పున్నచో ఈ లెక్క చెల్లదు. జర్మనీ దేశపు నియమమును ఇట్టిదే: తక్కువ వోల్టేజి భాగములకు తుంపరతో ఒక మీటరు, ఏకధారతో ఐదు మీటర్లు. నీటి గొట్టపు మొనను త్రిప్పి ధారను తుంపరగా మార్చుట ఒక క్షణపు పని. ఆ క్షణము తోచవలెనన్న, పైన ఫలకములున్నవని ముందుగా తెలియవలెను.

ఆ ప్రయోగములలోని మఱియొక ఫలితము ఇంటింటి నమ్మకమును పాడుచేయునట్టిది. ఫలకములపై టార్పాలిను కప్పిన విద్యుత్తు ఆగునని అందరు తలంతురు. బజారులో దొరకు నీలిరంగు పలుచని టార్పాలిను వెలుతురును కొంత లోనికి పోనిచ్చును, అపాయము పోదు. దట్టముగా నేసిన ముదుక గుడ్డ, వెలుతురు దూరని నల్లని పొర మాత్రమే పని చేసినవి. నురుగు చల్లి చూచిరి. అది అద్దముపైనుండి జారిపోయెను. రబ్బరు బూట్లు, తోలు చేతొడుగులు కూడ తడిసినను, చిరిగినను నమ్మదగినవి కావు.

రాత్రివేళ భయము లేదనువారును గలరు. నిండు పున్నమి వెన్నెల ఫలకమును మేల్కొల్పలేదన్న మాట నిజమే. కాని మంటలార్పువారు తమ బండిమీది పెద్ద దీపములను డాబాపైకి త్రిప్పినపుడు, ప్రక్కనున్న మంట వెలుగు ఫలకములపై పడినపుడు, చేతిని బిగపట్టునంత విద్యుత్తు పుట్టుట ఆ ప్రయోగములలో కనబడెను. చీకటిలో దారి చూచుకొనుటకు వెలిగించిన దీపమే శత్రువగుట విచిత్రము గదా!

ఇట్టి భయము ఎంతదూరము పోగలదో తెలియుటకు 2013 సెప్టెంబరు 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున డెలాంకో అను ఊరిలో జరిగిన అగ్నిప్రమాదము చాలును. అచ్చటి పెద్ద మాంసపు గిడ్డంగి కప్పుపై ఏడు వేలకు మించి ఫలకములుండెను. మంటలార్పువారు కప్పెక్కి దానిని కోసి పొగను విడుచుటకు సాహసింపలేకపోయిరి. దూరమునుండి నీరు కొట్టుచు నిలిచిరి. ఒక దినమునకు పైగా మండి గిడ్డంగి నేలమట్టమయ్యెను. 2009 ఏప్రిలు 5న కాలిఫోర్నియాలోని బేకర్సుఫీల్డులో ఒక పెద్ద అంగడిపై ఫలకములే నిప్పుకు కారణమయ్యెను. అచ్చట ఒక తీగ భూమికి తగిలియున్న చిన్న లోపమును రక్షణ ఫ్యూజు కనుగొనలేదు. రెండవ లోపము వచ్చి కలియగనే విద్యుజ్జ్వాల లేచెను. మొదటి లోపము ఎన్నినాళ్లయినను మూగగా నుండగలదు. ఏడాదికొకమారు తీగలను పరీక్షింపుడని చెప్పుట అందుకే.

అయితే తూకము తప్పి భయపడుటయు తగదు. జర్మనీలో సుమారు 13 లక్షల సౌర యంత్రములున్న కాలమున, ఇరువదేండ్ల చరిత్రను తిరుగవేసి అచ్చటి పరిశోధకులు చూడగా, ఫలకములున్నచోట జరిగిన అగ్నిప్రమాదములు సుమారు 350. వానిలో ఫలకములే కారణమైనవి 120. పూర్తిగా కాలిపోయిన ఇండ్లు పది. మంటలార్పుచుండగా ఫలకపు విద్యుత్తు తగిలి గాయపడిన దళసభ్యుడు ఒక్కడును లేడు. ఈ అంకెలనుండి కొందరు 'అపాయమే లేదు' అని అర్థము తీయుదురు. అది సరికాదు. అచ్చటి దళములకు దూరముల లెక్క కంఠపాఠము. ఇండ్లముందర గుర్తులు గలవు. గాయములు లేకుండుట ఆ శ్రద్ధకు ఫలము కాదని ఎవ్వరు చెప్పగలరు?

ఇక సాక్చి సంగతి. అమెరికా పుస్తకములలోని సలహాలను యథాతథముగా ఇచ్చట పఠించుట వృథా. అచ్చట ఇంటికప్పు కట్టెతో చేసిన వాలుకప్పు. దానిని రంపముతో కోసి పొగ విడుతురు. కావున ఫలకముల నడుమ బాటలు విడువవలెనని వారి నియమములలో నుండును. ఇచ్చట సిమెంటు స్లాబును కోయువారు లేరు. ఇచ్చటి చిక్కులు వేరు. డాబా అనగా ఒక గది. బట్టలారవేయునది, వడియములు పెట్టునది, వేసవిలో పండుకొనునది, నీళ్ల ట్యాంకులుండునది. దానిపై ఆరేడు అడుగుల ఎత్తున ఇనుప స్తంభములు నిలిపి ఫలకములను పందిరివలె పరతురు. క్రింద నీడ దొరికెనుగదా యని పాత అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు, రంగు డబ్బాలు, పోయిన దీపావళికి మిగిలిన టపాకాయలు చేర్తురు. ఫలకమునకును కప్పునకును నడుమనున్న సందున వేడి బందీయై మంట వేగముగా ప్రాకునని ప్రయోగములు చెప్పుచున్నవి. ఆ సందును సామానుతో నింపుట పొయ్యిలో కట్టెలు పేర్చుట వంటిది. ఫలకము వెనుక పొర కాలినపుడు వెలువడు పొగలో విషవాయువులుండును. ముఖమునకు తడిగుడ్డ కట్టుకొని ఎక్కిన ఇంటివాడు దానికి తాళలేడు.

ఇంకొకటి: డాబానుండి దిగు తీగను సామాన్యముగా మెట్లదారి వెంటనే దింపుదురు. దగ్గరి దారి, తక్కువ ఖర్చు. ఇన్వర్టరును మెట్లక్రింద బిగింతురు. ఇంటిలోనివారు దిగిరావలసినదియు, మంటలార్పువారు ఎక్కిపోవలసినదియు ఆ మెట్లమీదుగనే. పొగతో నిండిన ఇరుకు మెట్లదారిలో గోడను తడుముకొనుచు ఎక్కువాని చేతికి, వేడికి ప్లాస్టికు గొట్టము కరిగి బయటపడిన నాలుగు వందల వోల్టుల తీగ తగులుట ఎంతటి పని! బయటి గోడవెంట, మెట్లకు దూరముగా తీగను దింపిన ఖర్చు కొంత పెరుగును. పెరుగనిండు. ఫలకములు బిగించువానితో బేరమాడునపుడు ఈ ఒక్క విషయమున గృహస్థు గట్టిపట్టు పట్టవలెను.

బజారు సందులలోని అంగళ్లపై సిమెంటు రేకులును, ఇనుప రేకులును గలవు. ఒక్కొక్క ఫలకము ఇరువది కిలోలకు మించి తూగును. మంటకు సత్తువ తగ్గిన రేకుపై ఆ బరువుండగా క్రింద నిలుచుట, పైకెక్కుట రెండును ప్రాణాంతకములే. పగిలిన అద్దము వర్షమువలె రాలును. ఫైరింజను పోలేని సందున గొట్టమును చేతులమీద మోసికొనిపోవు దళమువానికి తలపై ఏమున్నదో క్రిందనుండి కనబడదు.

అమెరికాలో 2014నుండి విద్యుత్ నియమావళిలో ఒక మంచి మాట చేరెను: స్విచ్చి నొక్కినంతనే డాబామీది తీగలలోని వోల్టేజి శీఘ్రముగా పడిపోవలెను. 2017లో దానిని మఱింత బిగించి, ఫలకముల నడుమ సైతము 30 సెకన్లలో 80 వోల్టులకు తగ్గవలెననిరి. ఇందుకు ప్రతి ఫలకము వెనుకను ఒక చిన్న పరికరము కావలెను. ఫలకమునకొక చిన్న ఇన్వర్టరు చొప్పున అమర్చు పద్ధతియు గలదు. అందు దండ గ్రుచ్చుటయే లేదు గనుక పెద్ద వోల్టేజి పుట్టదు. ఇవి భారతదేశపు బజారులోను దొరకును. సామాన్య గృహస్థు వీనిని కొనలేకపోవచ్చును. ఆసుపత్రి, పాఠశాల, కల్యాణమండపము, ప్రభుత్వ కార్యాలయము మాత్రము కొనవలెను. కార్యాలయములపై ఫలకములు పెట్టు సమయమున టెండరు కాగితములు వ్రాయువారు ఈ సభలోని ఉద్యోగులవంటివారే గదా. ఒక పంక్తి అదనముగా వ్రాయుటకు సిరా ఎంత కావలెను? గృహస్థునకు కనీసపు కర్తవ్యమేమనగా, డాబామీదనే, ఫలకములకు సమీపమున, ఏకముఖ విద్యుత్తును విడదీయు స్విచ్చి నొకదానిని పెట్టించుకొనుట. అప్పుడు క్రిందికి దిగు తీగయైనను నిర్జీవమగును. అపాయము డాబాకే పరిమితమగును.

బ్యాటరీల మాటయు రెండు ముక్కలలో చెప్పవలెను. కరెంటు కోతలకు అలవాటుపడిన ఇండ్లలో సీసపు బ్యాటరీ ఇన్వర్టరు చిరపరిచితము. మెయిన్ కట్టినను అది ఇంటిలోని తీగలకు విద్యుత్తు నిచ్చుచుండును. దానిని వేరుగా ఆపవలెను. ఇప్పుడు లిథియం బ్యాటరీలు వచ్చినవి. 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులో విద్యుత్ స్కూటర్ల అంగడినుండి లేచిన మంట, పొగ పైనున్న రూబీ హోటలును ముంచి 8 మందిని బలిగొనెను. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున 2019 ఏప్రిలు 19న సౌరవిద్యుత్తును నిలువచేయు లిథియం బ్యాటరీల గదినుండి పొగ వచ్చుచుండగా, కొన్ని గంటలు వేచి దళమువారు తలుపు తెరచిరి. లోపల కూడిన వాయువులు ప్రేలి నలుగురు తీవ్రముగా గాయపడిరి. వారు తొందరపడలేదు, పద్ధతి ప్రకారమే నడచిరి. లోపల ఏ వాయువు కూడినదో వారికి చెప్పగల సాధనము బయట లేదు.

కావున చెప్పుటయే ముఖ్యము. అగ్నిమాపక దళము వచ్చిన మొదటి నిమిషమున ఇంటివారు చెప్పు మాటపై వచ్చినవారి ప్రాణము ఆధారపడియున్నది. 101కి గాని, 112కు గాని ఫోను చేసినపుడు వీథిపేరు, అంతస్తుల సంఖ్యతోపాటు డాబాపై సోలారున్నదని చెప్పవలెను. పగటిపూట ఉద్యోగస్థులు పనిలోనుందురు. ఇంట మిగులువారు పెద్దలు, పిల్లలు. మనుమలను చూచుకొనుటకు శ్రీకాకుళమునుండి వచ్చిన అమ్మమ్మకు హిందీ రాకపోవచ్చును. ఆమెకు రామాయణమంత హిందీ అక్కరలేదు. 'ఛత్ పర్ సోలార్ హై' అను నాలుగు మాటలు నేర్పిన చాలును. బ్యాటరీయున్నచో 'బ్యాటరీ భీ హై' అని మఱి మూడు మాటలు. ఇంటి గేటువద్ద, మీటరు పెట్టెపై, దూరమునుండి చదువదగిన పెద్ద అక్షరములతో ఆ మాటనే హిందీలో వ్రాయించి, ఫలకములు ఏ మూలనున్నవో, తీగ ఏ గోడవెంట దిగునో, స్విచ్చి ఎచ్చటనున్నదో చిన్న పటము గీయించి అతికించిన, భాష రానివారును వ్రేలితో చూపగలరు.

ఈ పట్టణమున మఱియొక విశేషము గలదు. కంపెనీ ప్రాంతములకు విద్యుత్తునిచ్చు సంస్థ వేరు. మాన్గో మొదలగు చోట్ల రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ వేరు. లైను కట్టించుటకు ఎవరిని పిలువవలెనో ఆపత్సమయమున వెదకరాదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లగును. ఆ ఫోను సంఖ్యయు ఆ పటముమీదనే యుండవలెను. కర్మాగారమునకు తన అగ్నిమాపక దళము గలదు. రాష్ట్ర ప్రభుత్వపు అగ్నిమాపక కేంద్రము గోల్మురిలో గలదు. ప్రతి ఏటను ఏప్రిలు 14న అగ్నిమాపక సేవా దినము జరుపబడును. 1944లో అదే తేదీన బొంబాయి రేవున ఫోర్ట్ స్టికీన్ అను ఓడ ప్రేలినపుడు మంటలార్పబోయి 66 మంది దళసభ్యులు మరణించిరి. ఆ ఓడలో ప్రత్తిమూటలతోపాటు ప్రేలుడు పదార్థములుండెను.  ఆ దినమున దళమువారు పేటలలోనికి వచ్చి ప్రదర్శనలిత్తురు. ఆ సందర్భమున వారిని ఇంటికి పిలిచి, డాబాకెక్కించి, ఫలకములను, స్విచ్చిని చూపి, ఒక గ్లాసు మజ్జిగనిచ్చి పంపుట పెద్ద పని కాదు. వారును ఇట్టి ఇండ్లను కొన్నిటినైనను పగటి వెలుగున, మంట లేనపుడు చూచియుండుట మేలు.

చివరకు, మంట ఆరిన తరువాతి సంగతి. దీనినే అందరు మరతురు. రాత్రి రెండు గంటలకు నిప్పార్పి దళమువారు గొట్టములు చుట్టుకొని వెడలిపోయిరనుకొందము. ఇంటివారు అలసి, ప్రక్కవారి ఇంట ఇంత కాఫీ త్రాగి, తెల్లవారుచుండగా మిగిలినదేమో చూచుటకు డాబాకెక్కుదురు. సగము కాలిన ఫలకములు, తొడుగు కరిగిన తీగలు, నేలపై నిలిచిన నీరు. సువర్ణరేఖ వైపున సూర్యుడు లేచును. రాత్రియంతయు మౌనముగానున్న ఫలకములలో బ్రదికినవి మేల్కొనును. కాలిన అద్దము వెనుక సైతము విద్యుత్తు పుట్టగలదని ఆ 2011 ప్రయోగములలో చూచిరి. తడి నేలకు విద్యుత్తు చేరును. కరిగిన కొనలనడుమ రవ్వలు లేచి ఆరిన మంట మరల అంటుకొనును. కావున అట్టి ఇంటికి ఎలక్ట్రీషియను వచ్చి, విద్యుత్తుకు తగిన చేతొడుగులతో ఒక్కొక్క ఫలకమును దండనుండి విడదీసి, నల్లగుడ్డ కప్పి, బోర్లించి పెట్టువరకు డాబా తలుపునకు తాళము వేసి, తాళపుచెవిని పెద్దవారు తమయొద్దనే ఉంచుకొనవలెను.